కార్డు మీద 25 లక్షలు, జేబులోంచి 18 వేలు: ఆరోగ్య బీమాపై పరిశోధనలు ఏం తేల్చాయి

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద కుటుంబానికి ఏడాదికి 25 లక్షలు. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద 10 లక్షలు. కేంద్రం నడిపే ఆయుష్మాన్ భారత్‌లో 5 లక్షలు. ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఈ అంకె లక్షన్నర, అవసరమైతే ఇంకో 50 వేలు. అప్పట్నుంచీ అంకె పెరుగుతూనే ఉంది. దాంతోపాటే మరో వార్త కూడా మనకు అలవాటైపోయింది. బకాయిలు తీర్చకపోతే సేవలు ఆపేస్తామని నెట్‌వర్క్ ఆసుపత్రులు (పథకంలో చేరిన ఆసుపత్రులు) నోటీసిస్తాయి, కొన్నాళ్లు ఆపేస్తాయి, చర్చలు జరుగుతాయి, కొంత సొమ్ము విడుదలవుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఒక కలగలుపు పద్ధతికి ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ప్రభుత్వ ట్రస్టు భరించాలన్నది దాని సారాంశం. ఇది మంచిదా కాదా అన్న వాదన అప్పట్నుంచీ నడుస్తోంది. ఆ వాదనలో ఎక్కువగా వినిపించేది కార్డు మీది అంకె. ఆర్థికవేత్తలు, వైద్య పరిశోధకులు ఇలాంటి పథకాలను కొలిచి రాసినవి చదివితే మాత్రం ఆ అంకె వెనక్కి పోయి, వేరే ప్రశ్నలు ముందుకొస్తాయి. ఏ బిల్లు పథకం లోపలికి వస్తుంది? దానికి ఆసుపత్రికి ఎంత ఇస్తారు? ఆ డబ్బు ఎప్పుడు ఇస్తారు?

ముందు కొన్ని మాటలకు అర్థాలు

జేబు ఖర్చు అంటే వైద్యం కోసం కుటుంబం నేరుగా కట్టే డబ్బు. డాక్టరు ఫీజు, మందులు, పరీక్షలు, బెడ్ చార్జీ అన్నీ ఇందులోకే వస్తాయి. ప్రభుత్వమో బీమా కంపెనీయో కట్టేది దీన్లోకి రాదు.

ప్యాకేజీ అంటే ఒక చికిత్సకు ముందే ఖరారు చేసిన మొత్తం. ఆపరేషన్, మత్తుమందు, వార్డు, మందులు, భోజనం అన్నీ కలిపి ఇంత అని. ఆంధ్రప్రదేశ్ పథకంలో ఇలాంటి చికిత్సలు 3,257 ఉన్నాయి. రోగిని చేర్చుకున్నాక ఆసుపత్రి ఆన్‌లైన్‌లో అనుమతి అడుగుతుంది. ఆసుపత్రి వాళ్లు దాన్ని 'ప్రీ-ఆథ్' అంటారు. అనుమతి వచ్చాక చికిత్స, డిశ్చార్జ్ అయ్యాక క్లెయిమ్, ఆ తర్వాత ఎప్పుడో డబ్బు.

బీమా పద్ధతిలో ప్రభుత్వం కుటుంబానికి ఇంత అని ప్రీమియం కడుతుంది, క్లెయిములు కంపెనీ తీరుస్తుంది. ట్రస్టు పద్ధతిలో మధ్యలో కంపెనీ ఉండదు, ప్రభుత్వమే ట్రస్టు ద్వారా ఆసుపత్రులకు చెల్లిస్తుంది. ఆరోగ్యశ్రీ మొదట్లో స్టార్ హెల్త్ అనే బీమా కంపెనీ ద్వారా నడిచింది, తర్వాత ట్రస్టు చేతికి వచ్చింది.

ఇంకో మాట 'విపత్తు ఖర్చు'. కుటుంబం ఏడాది మొత్తం ఖర్చులో 10 శాతానికి మించి (గట్టి కొలత అయితే 25 శాతానికి మించి) వైద్యానికే పోతే పరిశోధకులు ఆ ఖర్చును ఈ లెక్కలో వేస్తారు.

ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం

మండల కేంద్రంలో ఉండే నలుగురి కుటుంబం అనుకుందాం. నెల ఖర్చు 15,000, ఏడాదికి 1,80,000. అందులో 10 శాతం 18,000. కింది అంకెలన్నీ లెక్క అర్థమవడానికి వేసుకున్నవి.

ఇంటాయన స్కూటర్ మీంచి పడి తొడ ఎముక విరిగింది. దగ్గర్లోని నర్సింగ్ హోంలో ఎక్స్‌రే, కట్టు, ఇంజెక్షన్లు, ఒక రాత్రి బెడ్ కలిపి 3,600 అయింది. అది నెట్‌వర్క్ ఆసుపత్రి కాదు. మర్నాడు కారు మాట్లాడుకుని నగరానికి వెళ్లారు, అక్కడ కార్డు మీద ప్లేటు వేసి ఆపరేషన్ చేశారు. ఒక్క రూపాయి తీసుకోలేదు. కార్డు ఏం చేయాలో అది చేసింది.

ఇంటావిడకు షుగరు, బీపీ. మాత్రలకు నెలకు 900. రెండు నెలలకోసారి రక్తపరీక్ష, డాక్టరు ఫీజు కలిపి 600. ఏడాదికి మాత్రలు 10,800, పరీక్షలు, ఫీజులు 3,600, మొత్తం 14,400. దీనికి నర్సింగ్ హోం బిల్లు 3,600 కలిపితే సరిగ్గా 18,000. ఆపరేషన్ పూర్తిగా ఉచితంగా జరిగిన ఏడాదే ఈ ఇల్లు విపత్తు ఖర్చు గీత మీద నిలబడింది. కార్డు మీద 5 లక్షలున్నా 25 లక్షలున్నా ఈ 18,000 మారదు. వీటిలో ఏ బిల్లూ పథకం తలుపు దాటి లోపలికి రాలేదు. పథకంలో కొన్ని చికిత్సలకు డిశ్చార్జ్ తర్వాత కూడా మందులిచ్చే ఫాలో-అప్ ప్యాకేజీలు ఉన్నాయి గానీ, ఓపీలో చూపించుకుని వాడే షుగరు మాత్రలకు అవి వర్తించవు.

ఒక్క సంగతి మారితే లెక్క తిరగబడుతుంది. ఆమె మాత్రలు ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే, నెల తప్పకుండా ఉచితంగా దొరికితే 10,800 తగ్గి ఖర్చు 7,200కు వస్తుంది. అంటే 4 శాతం.

లెక్కలోకి రానివీ ఉన్నాయి. కారు కిరాయి, ఆసుపత్రి దగ్గర తోడున్నవాళ్ల తిండి, 45 రోజులు పనికి పోక పోయిన కూలి. రోజుకు 600 చొప్పున ఆ కూలి ఒక్కటే 27,000. చాలా అధ్యయనాలు పోయిన కూలిని జేబు ఖర్చుగా లెక్కించవు. ఆ ఇంట్లో వాళ్లనడిగితే ముందు చెప్పేది మాత్రం అదే.

కార్డు వల్లే బాగుపడ్డారని చెప్పడం ఎందుకు కష్టం

కార్డు వాడినవాళ్లనూ వాడనివాళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చితే తప్పు జవాబు వస్తుంది. కార్డు వాడేది జబ్బు చేసినవాళ్లు. అలా పోల్చితే కార్డు వాడినవాళ్లలోనే ఎక్కువమంది చనిపోయినట్టు కనబడుతుంది. గొడుగు పట్టుకున్నవాళ్లే ఎక్కువ తడిశారు కాబట్టి గొడుగే తడిపిందన్నట్టు.

దీన్ని తప్పించుకునే దారుల్లో అన్నిటికన్నా నమ్మదగినది లాటరీ. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం 2008లో పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌లో కొన్ని ఖాళీలు నింపాలనుకుంది. దాదాపు 90,000 మంది పేర్లిచ్చారు, అందరికీ ఇచ్చేంత డబ్బు లేదు. లాటరీ తీసి సుమారు 30,000 మందిని ఎంపిక చేశారు. ఏమీ ఆశించకుండానే ప్రభుత్వం ఒక గొప్ప ప్రయోగం చేసిపెట్టినట్టయింది. ఎమీ ఫింకెల్‌స్టీన్, క్యాథరీన్ బైకర్ తదితరులు గెలిచినవాళ్లనూ గెలవనివాళ్లనూ ఏళ్లపాటు పరిశీలించారు.

ఇక్కడో చిన్న లెక్క తెలిస్తే ఇలాంటి అధ్యయనాలన్నీ చదవొచ్చు. లాటరీ గెలిచినవాళ్లందరూ బీమాలో చేరలేదు. కొందరు దరఖాస్తు పూర్తి చేయలేదు, కొందరికి అర్హత లేదని తేలింది. ఓడినవాళ్లలో కొందరికి వేరే దారిలో బీమా వచ్చింది. మొత్తం మీద గెలుపు వల్ల బీమా ఉన్నవాళ్ల వాటా దాదాపు 25 శాతం పాయింట్లు పెరిగింది. ఉదాహరణకు గెలిచినవాళ్ల సగటు ఖర్చు ఓడినవాళ్లకన్నా 100 డాలర్లు తక్కువ ఉందనుకోండి. ఆ తగ్గుదల నూటికి 25 మంది వల్ల వచ్చింది కాబట్టి, నిజంగా బీమా పొందిన ఒక్కొక్కరికి తగ్గింది 100ను 0.25తో భాగిస్తే వచ్చేది, అంటే 400 డాలర్లు. ఒకే అధ్యయనం గురించి ఒక పత్రిక చిన్న అంకె, ఇంకో పత్రిక పెద్ద అంకె రాశాయంటే తరచూ కారణం ఇదే.

ఓరెగాన్‌లో ఏం తేలింది? రెండేళ్ల తర్వాత విపత్తు ఖర్చులు దాదాపు మాయమయ్యాయి. డిప్రెషన్ ఉన్నవాళ్లు సుమారు 30 శాతం తగ్గారు. ఎమర్జెన్సీ వార్డుకు రావడం తగ్గలేదు సరికదా 40 శాతం పెరిగింది. బీపీ, కొలెస్ట్రాల్, షుగరు అదుపులో మాత్రం లెక్కకు నిలిచే తేడా, అంటే యాదృచ్ఛికం కాదని చెప్పగలిగేంత తేడా, కనబడలేదు. బీమా ప్రాణాలు కాపాడదు అనడానికి దీన్ని వాడుకున్నవాళ్లున్నారు. బీమా అంటేనే అప్పుల నుంచి కాపాడేది, ఆ పని అది చేసింది కదా అన్నవాళ్లూ ఉన్నారు. రెండో మాటే నాకు సరైనదనిపిస్తుంది. ఇంటి బీమాను ఇల్లు తగలబడకుండా ఆపిందా అని ఎవరూ అడగరు.

కర్ణాటకలో రెండు అధ్యయనాలు, రెండు వేరు వేరు జవాబులు

మనకు దగ్గర్లో, మన ఆరోగ్యశ్రీకి దగ్గరగా ఉన్న ఆధారాలు కర్ణాటకవి.

మొదటిది వాజపేయీ ఆరోగ్యశ్రీ. ఆంధ్ర పథకాన్ని చూసి రూపొందించిందే. గుండె, క్యాన్సర్, మెదడు, కిడ్నీ, కాలిన గాయాలు, పెద్ద ప్రమాదాల వంటి ఖరీదైన చికిత్సలకే పరిమితం. 2010లో ఉత్తర కర్ణాటకలో మొదలై, దక్షిణ కర్ణాటకకు ఆలస్యంగా వెళ్లింది. ఆ మధ్యకాలంలో పథకం ఉన్న జిల్లాలకూ లేని జిల్లాలకూ మధ్య ఒక సరిహద్దు గీత పడింది. గీతకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో నేల ఒకటే, కూలి ఒకటే, మాట ఒకటే. తేడా పథకం మాత్రమే. నీరజ్ సూద్, ఎరన్ బెండవిడ్ బృందం పథకం ఉన్న 300 ఊళ్లలో 31,476 కుటుంబాలను, లేని 272 ఊళ్లలో 28,633 కుటుంబాలను పరిశీలించి 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రచురించింది.

పేద కుటుంబాల్లో, పథకం కిందికి వచ్చే జబ్బులతో మరణం సంభవించినవి లేని ఊళ్లలో 0.90 శాతం, ఉన్న ఊళ్లలో 0.32 శాతం. 64 శాతం తగ్గుదల. అదే 0.58 శాతం పాయింట్లు అని కూడా చెప్పొచ్చు. రెండూ నిజమే, మొదటిది హెడ్డింగుకు బాగుంటుంది. ఇంత పెద్ద తేడా పథకం వల్లేనా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అందుకే పరిశోధకులు కార్డుకు అర్హత లేని, పేదరిక రేఖకు పైనున్న కుటుంబాలను కూడా అవే ఊళ్లలో చూశారు. వాళ్లలో పథకం ఉన్న ఊళ్లలో 0.56 శాతం, లేని ఊళ్లలో 0.55 శాతం. తేడా లేదు. గీతకు ఇటువైపు ఆసుపత్రులో రోడ్లో మెరుగ్గా ఉండటమే కారణమైతే వీళ్లలోనూ మరణాలు తగ్గాలి, తగ్గలేదు. లాటరీ కాదు కాబట్టి అనుమానానికి ఇంకా చోటుంది, కానీ తేలిగ్గా తోసేసే ఫలితం కాదు. పెద్ద ఆసుపత్రుల్లో చేరినప్పటి జేబు ఖర్చు కూడా 34 శాతం తగ్గింది.

రెండోది రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన మీద జరిగిన లాటరీ ప్రయోగం. కేంద్రం 2008లో తెచ్చిన ఆ పథకంలో ఐదుగురి కుటుంబానికి ఏడాదికి 30,000 పరిమితి, స్మార్ట్ కార్డు. అనూప్ మలానీ, సింథియా కిన్నన్ తదితరుల బృందం కర్ణాటకలో 10,879 కుటుంబాలను నాలుగు బృందాలుగా విడదీసింది. ఒక బృందానికి బీమా ఉచితం, ఒకదానికి కొనుక్కునే వీలు, మరోదానికి కొనుక్కునే వీలుతోపాటు నగదు, చివరిది పోలిక కోసం. వీళ్లు పేదరిక రేఖకు కాస్త పైనున్నవాళ్లు. ఉచితంగా ఇస్తే 78.71 శాతం చేరారు, అమ్మితే 59.91 శాతం కొన్నారు. బీమా మీద ఆసుపత్రికి వెళ్లడం పెరిగింది. పక్కింటివాళ్లు వాడితే చూసి తామూ వాడారు. వాడబోయి వాడలేకపోయినవాళ్లూ చాలామందే. ఆరోగ్య సూచికల్లో మాత్రం లెక్కకు నిలిచే మార్పు ఏదీ కనబడలేదు.

ఒక అధ్యయనంలో 64 శాతం, ఇంకోదానిలో సున్నా. రెంటిలో ఒకటి తప్పు కావాలని లేదు. మొదటి పథకం గుండె ఆపరేషన్ వంటివాటికి డబ్బిచ్చింది, అవి కార్డు లేకపోతే ఆ ఇళ్లు అసలు చేయించుకోలేనివి. రెండో పథకంలోని 30,000లో అయ్యే చికిత్సలను చాలామంది అప్పోసప్పో చేసి ఎలాగూ చేయించుకునేవాళ్లే. అక్కడ మారేది అప్పు, ఆయుష్షు కాదు.

పైగా సంఖ్యల సమస్య ఒకటుంది. 10,879 కుటుంబాలు, ఇంటికి ఐదుగురు చొప్పున దాదాపు 54,000 మంది. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఏడాదిలో ఆసుపత్రిలో చేరేవాళ్లు 2.9 శాతం. అంటే నాలుగు బృందాల్లో కలిపి ఏడాదికి సుమారు 1,570 మంది. వాళ్లలో బీమా ఉన్నవాళ్లు కొందరు, బీమా వాడగలిగినవాళ్లు ఇంకా తక్కువ, వాడటం వల్ల ప్రాణం నిలిచినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆ కొద్దిమంది వల్ల వచ్చే తేడాను 54,000 మంది సగటులో వెతకాలి. తేడా కనబడలేదనడమూ తేడా లేదనడమూ ఒకటి కాదు.

మన ఆరోగ్యశ్రీని కొలిస్తే వచ్చిన ఫలితం

విక్టోరియా ఫ్యాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ 2012లో ఆరోగ్యశ్రీ తొలి దశను కొలిచారు. పథకం జిల్లాల వారీగా విడతల్లో రావడమే వాళ్లకు పనికొచ్చింది. వాళ్లు వాడిన పద్ధతి 'తేడాల మధ్య తేడా'. ఊహా అంకెలతో చెప్పాలంటే, పథకం వచ్చిన జిల్లాల్లో సగటు ఖర్చు 3,000 నుంచి 2,800కు తగ్గిందనుకోండి. 200 తగ్గిందని సరిపెట్టుకోకూడదు. పథకం రాని జిల్లాల్లో అదే కాలంలో 3,000 నుంచి 3,400కు పెరిగితే, పథకం లేకపోతే ఇక్కడా 400 పెరిగేది. అంటే పథకం ప్రభావం 600. ఈ లెక్కకు ఆధారమైన నమ్మకం ఒక్కటే, పథకం లేకపోతే రెండుచోట్లా ఖర్చు ఒకే తీరులో కదిలేదని. అది తప్పైతే లెక్కంతా తప్పే.

వాళ్లకు తేలిందేమిటంటే, తొలి తొమ్మిది నెలల్లోనే ఆసుపత్రిలో చేరినప్పటి జేబు ఖర్చు గట్టిగా తగ్గింది. ఓపీ ఖర్చు కొద్దిగా తగ్గింది. విపత్తు ఖర్చులో పడే కుటుంబాలు తగ్గినట్టు మాత్రం స్పష్టంగా కనబడలేదు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు మిగతావాళ్లకు అందినంత మేలు అందలేదు. పథకం పెట్టిందే విపత్తు ఖర్చును ఆపడానికి. ఆ 18,000 లెక్క గుర్తుంటే ఈ ఫలితం వింతగా అనిపించదు. తొమ్మిది నెలలు చాలా తక్కువ సమయం అన్న అభ్యంతరం కూడా సమంజసమే.

ఆసుపత్రి వైపు నుంచి చూస్తే

ప్యాకేజీ రేటు ఆసుపత్రికి ఒక ధర. ధర తక్కువైతే మూడు పనులు జరగొచ్చు. రోగిని చేర్చుకోకపోవడం, రోగి దగ్గర పైడబ్బు తీసుకోవడం, ఎక్కువ రేటున్న ప్యాకేజీ కింద క్లెయిమ్ వేయడం. ఆర్థికవేత్త రాధికా జైన్ రాజస్థాన్‌లోని భామాషా బీమా పథకం క్లెయిములను రోగుల సర్వేలతో జతచేసి చూస్తే చివరి రెండూ కనబడ్డాయి. ఉచితం కావలసిన చికిత్సకు ప్రైవేటు ఆసుపత్రులు రోగుల దగ్గర డబ్బు తీసుకున్నాయి, క్లెయిముల్లో కోడ్ మార్చాయి. ప్రభుత్వం రేట్లు పెంచాక రోగుల నుంచి తీసుకునేది తగ్గింది, పెంచినంత మేర కాదు, కొంతవరకే.

దీన్నుంచి రెండు వాదాలు పుడతాయి. రేట్లు ఖర్చుకు సరిపోకపోతే ఆసుపత్రి ఏం చేస్తుంది, ముందు రేటు సరిచేయండి అన్నది ఒకటి. పెంచిన డబ్బులో కొంత ఆసుపత్రి దగ్గరే ఆగిపోతోంది, తనిఖీ లేకుండా పెంచడం దండగ అన్నది ఇంకోటి. రెంటికీ అదే అధ్యయనంలో ఆధారం దొరుకుతుంది.

ధర ఎక్కువైతే వేరే సమస్య, అవసరం లేని ఆపరేషన్లు. మన దగ్గర గర్భసంచి తొలగింపు దీనికి పెద్ద ఉదాహరణగా చెబుతారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దీన్నంతా ఆరోగ్యశ్రీ ఖాతాలో వేయడం సరికాదు. పథకం రాకముందే, కార్డుతో పని లేని చిన్న నర్సింగ్ హోంలలో సొంత డబ్బుతో, ఆర్ఎంపీల సిఫార్సుతో ఇవి విరివిగా జరిగేవి. బీమా ఆ అలవాటుకు ఎంత తోడైంది అన్నదే తేల్చాల్సిన ప్రశ్న.

కార్డు ఇంటికి, చికిత్స మగవాళ్లకు

అదే రాజస్థాన్‌లో పాస్కలీన్ డ్యూపాస్, రాధికా జైన్ 40 లక్షలకు పైగా ఆసుపత్రి సందర్శనలు పరిశీలించారు. కార్డు ఇంటందరికీ. చికిత్స పొందిన పిల్లల్లో ఆడపిల్లల వాటా 33 శాతం, వృద్ధుల్లో స్త్రీల వాటా 43 శాతం. ఖరీదైన చికిత్సల్లో వాటా ఇంకా తక్కువ. కాన్పులు తీసేస్తే ఖర్చులో ఎక్కువ భాగం మగవాళ్లకే. ఆడవాళ్లకు జబ్బులు తక్కువ కాబట్టి అన్న వివరణ ఈ తేడాకు చాలదు.

కారణం మళ్లీ ఆ లెక్కలోకి రాని ఖర్చులే. ఆపరేషన్ ఉచితమైనా కారు, కూలి, తోడు ఉచితం కాదు. ఆ మిగిలిన ఖర్చును కొడుక్కి పెట్టినట్టు కూతురికి పెట్టని ఇళ్లున్నాయి. ఖర్చు ఇంకా తగ్గిస్తే అంతరం తగ్గలేదు, ఎందుకంటే మగవాళ్లూ అంతే ఎక్కువగా వెళ్లారు. స్త్రీలు ఎక్కువ కాలం సర్పంచులుగా ఉన్న ఊళ్లలో ఆడపిల్లలు, యువతుల విషయంలో అంతరం కొంత తగ్గింది, అదీ కొద్దిగానే.

64 నుంచి 39కి: దేశం లెక్కలో తగాదా

జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశం వైద్య ఖర్చులో జేబు ఖర్చు వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. ప్రభుత్వం దీన్ని తన పథకాల విజయంగా చూపిస్తుంది. ప్రభుత్వ ఖర్చు పెరిగిన మాట నిజం, అది వాటాను కిందికి లాగుతుంది. విమర్శకుల అభ్యంతరం ఇంకోచోట ఉంది. ఇంటి ఖర్చు అంచనాకు మూలం 2017-18 జాతీయ నమూనా సర్వే. దానిలో ఆసుపత్రిలో చేరికలు, ఓపీ వాడకం 2014 సర్వేకన్నా తక్కువగా నమోదయ్యాయి. జనం వైద్యం మానుకున్నా జేబు ఖర్చు తగ్గుతుంది, సర్వే సరిగా పట్టుకోకపోయినా తగ్గుతుంది, పథకం పనిచేసినా తగ్గుతుంది. ఆ ఒక్క శాతం చూసి ఏ కారణమో చెప్పలేం.

ఇంకో తగాదా డబ్బు ఎటు పోవాలన్నది. రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ 2011లోనే ఆరోగ్యశ్రీ ప్రజాధనాన్ని ప్రైవేటు కార్పొరేట్ ఆసుపత్రులకు మళ్లిస్తోందని, ప్రభుత్వ ఆసుపత్రులు, ప్రాథమిక వైద్యం దానివల్ల చిక్కిపోతాయని వాదించారు. దీనికి ఎదురువాదన కూడా బలమైనదే. ప్రభుత్వ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సిన మనిషికి, ప్రాథమిక వైద్యం బాగుపడేదాకా ఆగమనడం జవాబు కాదు. కర్ణాటక సరిహద్దు ఊళ్ల 0.32, 0.90 అంకెలు ఈ ఎదురువాదన పక్షాన ఉన్నాయి. మాత్రల కోసం 10,800 పెట్టే ఆవిడ లెక్క శుక్లా బృందం పక్షాన ఉంది.

ట్రస్టు ఆలస్యం, కంపెనీ కోత

ట్రస్టు పద్ధతిలో లాభం మిగుల్చుకునేవాళ్లు లేరు, కాబట్టి క్లెయిమ్ కొట్టేయాలన్న తొందరా ఉండదు. ఆలస్యం చేయడానికి మాత్రం అడ్డు లేదు. ఖజానాలో ఇబ్బంది వస్తే జీతాలు, వడ్డీలు ఆగవు, ఆసుపత్రి బిల్లులు ఆగుతాయి. ఈ ఆలస్యానికి ఒక ధర ఉంది. 30,000 ప్యాకేజీ డబ్బు ఆరు నెలలకు వస్తుందనుకుందాం. ఆ లోపు ఆసుపత్రి మందుల డీలరుకు, సిబ్బందికి కట్టడానికి నెలకు 1 శాతం వడ్డీకి అప్పు తెస్తే 6 శాతం వడ్డీకే పోతుంది. చేతికి మిగిలేది 28,200. జీవో ఏదీ మారకుండానే రేటు 1,800 తగ్గినట్టు. డబ్బున్న పెద్ద ఆసుపత్రి తట్టుకుంటుంది. జిల్లా కేంద్రంలోని 50 పడకల ఆసుపత్రి ముందుగా పథకం కేసులు తగ్గిస్తుంది, లేదా రోగినే ఇంప్లాంటు కొనుక్కురమ్మంటుంది.

బీమా పద్ధతిలో ప్రభుత్వం ప్రీమియం ముందే కట్టాలి, దాంతో బకాయి తలనొప్పి కొంత తగ్గుతుంది. కానీ కంపెనీ ఆదాయం ప్రీమియం, ఖర్చు క్లెయిములు. వెయ్యి కుటుంబాలకు 1,500 చొప్పున 15 లక్షల ప్రీమియం వచ్చి, 12 లక్షల క్లెయిములు తీరిస్తే క్లెయిముల నిష్పత్తి 80 శాతం. మిగతా 3 లక్షల్లోనే ఆఫీసు ఖర్చు, లాభం. క్లెయిములు 17 లక్షలైతే నిష్పత్తి 113, వచ్చే ఏడు ప్రీమియం పెంచమంటుంది. పెంచకపోతే తనిఖీలు బిగిస్తుంది, కాగితం తక్కువైందని వెనక్కి పంపుతుంది. ఈ బిగింపులో దొంగ క్లెయిములు పట్టుబడతాయి, నిజమైనవీ కొన్ని పోతాయి. నిష్పత్తి మరీ తగ్గితే మిగులు ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాలన్న షరతు ఒప్పందంలో ఉంటే కోతపెట్టే ఆశ తగ్గుతుంది.

రెండూ కలిపిన పద్ధతిలో చూడాల్సిన చోటు ఆ రెండున్నర లక్షల గీత. ఒక రోగికి 2,20,000 అంచనాతో అనుమతి వచ్చింది. ఐదో రోజు ఇన్ఫెక్షన్ వచ్చి ఐసీయూలో పెట్టారు, అంచనా 2,90,000కు పోయింది. పైనున్న 40,000 ఎవరిది? అది ట్రస్టుదైతే అనుమతి మళ్లీ మొదటినుంచి అడగాలా, కంపెనీ ఇచ్చిన అనుమతే చెల్లుతుందా? ఆ కేసును కంపెనీ సరైనదంటే ట్రస్టు కాదనొచ్చా? ఈ అడుగుడూ చెప్పుడూ తేలేదాకా ఐసీయూ మందులు ఎవరి ఖాతాలో వస్తాయో ఒప్పందంలోని ఒకటి రెండు పేరాలే నిర్ణయిస్తాయి. అక్కడ స్పష్టత లేకపోతే ఆ రాత్రి మందుల చీటీ రోగి బంధువుల చేతికే వస్తుంది.